ఊలు కూడా అదే తెచ్చుకుంటుంది

ఆ శనివారం పొద్దుటికి నా చేతిలో ఉన్నవి ఇవీ. గోడౌనులో ముప్పై ఏడు పాత అల్లిక యంత్రాలు. వాటిని చేసిన కంపెనీ మూతపడి పదిహేనేళ్లయింది. వాటిని నడిపించడం తెలిసిన తమ్ముడు ఒకడు. వాడికి తెలిసిందంతా పద్ధతిగా రాయగల కోడలు ఒకతె. కొట్లో ఒక అట్టపెట్టె నిండా అమ్ముడుపోని సామాను. ముప్పయ్యేళ్ల వ్యాపారంలో సంపాదించుకున్న ఒక నమ్మకం: ఎదుటివాడి గొంతు వింటే చాలు, నిజంగా కొంటాడో ఊరికే బేరమాడుతున్నాడో చెప్పేస్తానని.

జారిపోతున్నవి కూడా చెప్పాలి. తమ్ముడూ కోడలూ మూడు రోజులుగా ఒకరి మొహం ఒకరు చూడడం లేదు. మేడమీద గదిలో తమ్ముడి పెట్టె సర్ది, తాళం వేసి ఉంది. ఆదివారం సాయంత్రం బండికి వెళ్లిపోతానన్నాడు. వాడితో పాటు వాడి కంప్యూటరూ, అందులో ఉన్న పదకొండేళ్ల ఫోరమూ వెళ్లిపోతాయి. మేము భోంచేసే బల్ల మీద, గురువారం ఒక బస్సు డ్రైవరుగారు తెచ్చిన యంత్రం పడి ఉంది, కాలిన వాసన కొడుతూ.

"దీన్ని ఇక్కణ్నుంచి తీస్తారా, నన్నే వీధిలో పెట్టమంటారా?" అంది మా ఆవిడ. "గురువారం నుంచీ ఒళ్లో కంచాలు పెట్టుకుని తింటున్నాం. రైలు ప్రయాణంలా ఉంది."

"ఉండనీ వదినా. తినేటప్పుడల్లా కనపడాలి. వికీ అంటే ఏమిటో అందరికీ తెలియాలి," అన్నాడు తమ్ముడు. ఆ 'అందరికీ' అన్న మాట కోడలి మీదికి విసిరాడు గాని, మొహం మాత్రం కిటికీ వైపు పెట్టాడు.

కోడలు టీ వడకడుతోంది. తల ఎత్తలేదు. "అత్తయ్యా, వికీ కాల్చలేదని చెప్పండి. అందులో ఒక్క తప్పు వాక్యం కాల్చింది."

"ఫోరంలో ఎవడైనా తప్పు చెప్తే కింద పదిమంది 'ఒరే ఆగరా' అంటారు వదినా. వికీలో ఆగమనేవాడే ఉండడు. అందరిదీ అంటే ఎవడిదీ కాదని అర్థం."

"ఆ 'ఆగరా' అన్నది నలభై ఏడో జవాబులో ఉంటుంది అత్తయ్యా. అక్కడిదాకా చదివేలోపల పెట్టాల్సింది పెట్టేసి ఉంటారు. ఒకే ప్రశ్న నలభైసార్లు అడిగారు. జవాబు ఒకచోట శుభ్రంగా ఉంటే మళ్లీ మళ్లీ అడగక్కర్లేదు కదా అన్నాను. అంతేగా నేను చేసింది?"

"అడగడానికే వస్తారని చెప్పు వదినా! నర్సు అడిగితే నర్సుకి అర్థమయ్యేలా చెప్తాను, డ్రైవరు అడిగితే డ్రైవరుకి అర్థమయ్యేలా చెప్తాను. అందరికీ కలిపి ఒకే ముక్క రాస్తే అది మిక్సీ పెట్టెలో వచ్చే కాగితం. తడి చేతులతో తాకరాదు!"

కోడలి చేతిలో వడకట్టు ఆగింది. మిక్సీలకూ ఫ్యాన్లకూ పెట్టెలో పెట్టే ఆ కాగితాలు రాయడమే ఆమె ఉద్యోగం.

"నేనేమన్నా మీ ఫోరమా?" అంది మా ఆవిడ. "ఒకరు అడగడం, ఒకరు చెప్పడం, మధ్యలో నా మీద రాసుకోవడం! మీ ఇద్దరికీ నోళ్లున్నాయి, మాట్లాడుకోండి."

మా అబ్బాయి ఇంట్లో ఉంటే ఎవరి వైపు నిలబడేవాడో నాకు తెలియదు. పని మీద ఊరెళ్లాడు; తొందరగా రాకపోవడమే వాడికి మంచిదని లోపల అనుకున్నాను.

ఈ తగవంతా సరదాకి ప్రోగ్రాములు రాసుకునేవాళ్ల గురించి. పగలు ఏదో ఒక ఉద్యోగం చేసుకుని, తీరికవేళల్లో ఈ పాత యంత్రాల ముందు కూర్చుంటారు. కంప్యూటర్లో గీసిన బొమ్మ ఏదైనా యంత్రం ఊలుతో అల్లేటట్టు ప్రోగ్రాం రాస్తారు. అది నడవకపోతే మా తమ్ముడి ఫోరంలో అడుగుతారు. అక్కడ వాడి పేరు సూదిమందు. పదకొండేళ్లలో సూదిమందు ఇచ్చిన జవాబులు నాలుగువేల నూటపద్ధెనిమిది. నా దగ్గర యంత్రం కొన్నవాడు ఎవడైనా కొన్నది యంత్రాన్ని కాదు, ఆ జవాబుల్ని. ఇది నాకు బాగా తెలుసు.

రెండు నెలల కిందట కోడలు ఆ జవాబుల్లోంచి సారం తీసి వికీ మొదలుపెట్టింది. ఒక్కో విషయానికి ఒక్కో పేజీ. ఎవరైనా చేర్చవచ్చు, ఎవరైనా దిద్దవచ్చు. నాకు రెండూ ముద్దే. రెండు కొట్లు ఉంటే బేరం రెండింతలవుతుందనుకున్నాను.

"అత్తయ్యా," అంది కోడలు, గ్లాసులు పళ్లెంలో సర్దుతూ. "ఆ పేజీకి చరిత్ర అని ఒకటుంటుంది. ఒక్కసారి అది చూడమని చెప్పండి. ఇంకేమీ అడగను."

"ఆ గుమ్మం తొక్కనని ముందే చెప్పాను. తొక్కను," అన్నాడు తమ్ముడు.

నేను కంచంలోకి చూస్తూ కూర్చున్నాను. కంచం ఖాళీగా ఉంది.

*

పెరట్లో బట్టలు ఆరేస్తున్న కోడలి దగ్గరికి నేనే వెళ్లాను. బుట్టలోంచి ఒక్కో బట్టా తీసి అందిస్తూ నిలబడ్డాను. నేనెప్పుడూ చేసే పని కాదది. ఆమె ఆశ్చర్యపోలేదు.

"చరిత్రలో ఏముంటుందమ్మా?" అన్నాను.

"ఏ రోజు, ఎన్ని గంటలకి, ఎవరు ఏ ముక్క చేర్చారో ఉంటుంది మామయ్యగారూ. చెరిపేసినా ఉంటుంది."

"నువ్వు చూశావా?"

"డ్రైవరుగారు వచ్చిన రోజే చూశాను." దుప్పటి అంచు నా చేతికిచ్చి రెండోవైపు తను లాగింది. "మీకు ఖాతా తెరిచిచ్చింది నేనే కదా. 'దుకాణం' అని పేరు పెట్టమన్నారు మీరు."

దుప్పటి మా ఇద్దరి మధ్య ఉంది. ఆమె మొహం కనబడలేదు. అందుకు నాకు హాయిగా ఉండడం చూసి నామీద నాకే అసహ్యం వేసింది.

జరిగింది ఇది. నెల్లాళ్ల కిందట ఒక మధ్యాహ్నం కొట్లో బేరాల్లేవు. కోడలు అంత కష్టపడుతోంది కదా, నేనూ ఒక చెయ్యి వేద్దామనిపించింది. పద్ధతి ఆమే నేర్పింది: ఫోరంలో జవాబు తీసుకోవాలి, ముచ్చట తీసెయ్యాలి, పనికొచ్చే ముక్క పేజీలో పెట్టాలి. నేను తీసుకున్న జవాబు ఆరేళ్ల కిందటిది. 'తొందర' అనే పేరుగల ఎవరో మూడోసారి అడిగారు, పన్నెండు వోల్టుల అడాప్టరు దొరకలేదు, ఇరవైనాలుగుది పెట్టొచ్చా అని. సూదిమందు జవాబు ఇలా ఉంది:

"పెట్టు నాయనా, నిక్షేపంగా పెట్టు. యంత్రం రెట్టింపు వేగంతో అల్లుతుంది. ఊలు కూడా అదే తెచ్చుకుంటుంది."

నేను 'నాయనా' తీసేశాను. 'నిక్షేపంగా' తీసేశాను. ఊలు సంగతి మావాడి కోతి వేషం అనుకుని అదీ తీసేశాను. మిగిలింది ఇది: "పన్నెండు వోల్టుల అడాప్టరు లేకపోతే ఇరవైనాలుగు వోల్టులది పెట్టవచ్చు. యంత్రం రెట్టింపు వేగంతో అల్లుతుంది." ఎంత చక్కగా ఉందో అని రెండుసార్లు చదువుకున్నాను కూడా.

నా కొట్లో అట్టపెట్టె నిండా పడి ఉన్న సామాను ఇరవైనాలుగు వోల్టుల అడాప్టర్లే. ఆ వాక్యం రాసేటప్పుడు అవి నా మనసులో మెదిలాయా లేదా? గురువారం నుంచి నన్ను నేను అడుగుతూనే ఉన్నాను. ఎంత అడిగినా లోపలి మనిషితో బేరం తెగడం లేదు.

"నువ్వు చెప్పొచ్చుగా," అన్నాను. "నీ మీద పడిన నింద పోయేది."

"మొదటి రోజు కోపంలో చెప్పేసేదాన్నే. పొద్దున అడిగాక భయమేసింది, నిజంగానే చూస్తారేమోనని. నేనైతే బయటినుంచి వచ్చినదాన్ని మామయ్యగారూ. నామీద కోపం వస్తే పోతుంది. మీమీద వస్తే..." బుట్ట తీసుకుని రెండడుగులు వేసి మళ్లీ ఆగింది. "ఆ తొందర నేనే."

"ఏంటి?"

"పెళ్లికి ముందు. అప్పుడు నాకు పందొమ్మిదేళ్లు. ఆ జవాబు చదివి రెండు రోజులు ఏడ్చాను. మళ్లీ ఆ ఫోరంలో నోరు విప్పలేదు. నాలాగా ఏడ్చి వెళ్లిపోయినవాళ్లు ఇంకెంతమందో అనే వికీ పెట్టాను. ఎవరూ ఎవర్నీ అడగక్కర్లేని చోటు ఒకటుండాలని." బుట్ట నడుముకి ఆనించుకుంది. "ఈ మాట మాత్రం చిన్నమామయ్యకి చెప్పకండి. ఆయన తట్టుకోలేరు."

చెప్పనని మాటిచ్చాను. నా చేతిలో ఇప్పుడు రెండు నిజాలున్నాయి. ఏది బయటపెట్టినా ఇంట్లో ఒక మనిషి తగ్గేటట్టున్నాడు.

*

నాలుగింటికి డ్రైవరుగారు వచ్చారు. ఉతికిన చొక్కా వేసుకుని, చెప్పులు గుమ్మం దగ్గరే విప్పి, ఆసుపత్రిలో చుట్టాన్ని చూడ్డానికి వచ్చినవాడిలా బల్ల దగ్గర నిలబడ్డారు.

"బతుకుతుందాండీ?" అన్నారు.

"బోర్డు మొత్తం పోయింది," అన్నాడు తమ్ముడు. "గోడౌనులో ఉన్నవి దీని తర్వాతి రకం. ఈ బోర్డు ఇప్పుడెక్కడా దొరకదు."

"అయ్యో." ఆయన యంత్రం మీద చెయ్యి వేశారు. ఇరవయ్యారేళ్లు ఒకే దారిలో బస్సు నడిపారాయన. రిటైరయ్యాక ప్రోగ్రాములు రాయడం నేర్చుకుని, తన పాత డైరీలు ముందేసుకుని మఫ్లరు అల్లుతున్నారు. రోజుకొక వరస. బస్సు వేళకి చేరిన రోజు నీలం, ఆలస్యమైన రోజు ఎరుపు. "పంతొమ్మిదో ఏడు నడుస్తోందండీ. ఎరుపే ఎక్కువ. త్వరగా అయిపోతుందని వేగం పెంచుదామనుకున్నా. నాదే తప్పయ్యుంటుంది."

"మీది కాదు," అన్నాడు తమ్ముడు. "రాసినవాళ్లది. అదిగో, గుమ్మంలోనే ఉన్నారు, అడగండి."

గుమ్మంలో కోడలు నిలబడి ఉంది.

డ్రైవరుగారు జేబులోంచి మడత పెట్టిన కాగితం తీశారు. పేజీ అచ్చు వేయించుకున్నారు. కింద గీత గీసుకున్నారు. "నాకూ ఎక్కడో అనుమానం కొట్టిందమ్మా. కానీ రాసిపెట్టి ఉంటే నమ్మాలి కదా."

కోడలు తల వంచుకుంది. ఆ వంచడం చూశాక నాలో బేరం తెగిపోయింది.

"నేను రాశాను," అన్నాను.

తమ్ముడు నవ్వాడు. "కోడల్ని వెనకేసుకు రావాలంటే ఇంకేదైనా దారి చూడన్నయ్యా. నీకు కీబోర్డు మీద అక్షరాలు వెతుక్కోవడానికే పూట పడుతుంది."

"పూట పట్టింది. దుకాణం నేనేరా. చరిత్రలో ఉంది."

కోడలు లోపలికెళ్లి ల్యాప్‌టాప్ తెచ్చి యంత్రం పక్కన పెట్టింది. వాడు తొక్కనన్న గుమ్మమే వాడి దగ్గరికి వచ్చింది. వంగి చదివాడు. తేదీ, గంట, పేరు, నేను చేర్చిన ముక్క. చాలాసేపు చదివాడు. అంత చదవడానికి అక్కడేం లేదు.

తర్వాత ఫోరం తెరిచి తన పాత జవాబు వెతికి పట్టుకున్నాడు. పైకి చదివాడు. తన గొంతుతో.

"పెట్టు నాయనా, నిక్షేపంగా పెట్టు..."

ఊలు దగ్గరికి వచ్చేసరికి డ్రైవరుగారు ఫక్కున నవ్వేశారు. నవ్వి, యంత్రం చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. "ఇలా రాసుంటే పెట్టేవాణ్ని కాదండీ," అన్నారు మెల్లగా.

"చూశావా? అడిగినవాడికి కూడా అర్థమైంది," అన్నాడు తమ్ముడు. "తొందర అని ఎవడో. ఆ తర్వాత మళ్లీ రాలేదు వాడు."

"వాడు కాదురా, మన అమ్మాయి!"

నోట్లోంచి వచ్చేసింది. పొద్దున ఇచ్చిన మాట సాయంత్రానికి ఖర్చయిపోయింది. "మామయ్యగారూ!" అంది కోడలు. మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి నిలబడింది.

తమ్ముడు మూడు రోజుల తర్వాత మొదటిసారి కోడలి మొహంలోకి చూశాడు. "నువ్వా? అప్పుడు నీకెన్నేళ్లమ్మా?"

"పందొమ్మిది."

"వెటకారమని తెలిసిందా?"

"తెలిసింది చిన్నమామయ్యా. పన్నెండు వోల్టులదే వెతికి కొన్నాను."

వాడు కుర్చీలో కూర్చున్నాడు. మేమందరం వాడు ఆమెను ఏమంటాడా అని చూస్తున్నాం. వాడు నావైపు తిరిగాడు.

"పందొమ్మిదేళ్ల పిల్ల. నా మొహం చూడలేదు, నా గొంతు వినలేదు. ఆ పిల్లకి తెలిసింది. ఒకే కంచంలో తిని పెరిగాం మనం. నీకు తెలియలేదా అన్నయ్యా?"

నేను నోరు తెరిచేలోపల డ్రైవరుగారు, పాపం, నన్ను కాపాడదామనే కాబోలు, కల్పించుకున్నారు. "ఆయన మంచాయనండీ. అడాప్టరు కూడా ఆయన కొట్లోనే తీసుకున్నా. వారంటీ రాసిస్తానన్నారు."



"ఎన్ని మిగిలాయి?" అన్నాడు తమ్ముడు.

"ఏవి?"

"ఇరవైనాలుగువి."

నేను చెప్పలేదు. వాడు మళ్లీ అడగలేదు. వాడికి కావలసింది ఆ అంకె కాదు. నేను తెలిసి రాశానంటే అన్నని కాను, వ్యాపారిని. తెలియక రాశానంటే నలభయ్యేళ్లుగా వాడు మాట్లాడేది నేను వినలేదు. రెంటిలో ఒకటి ఒప్పుకోవాలి. ఏది నిజమో నాకే తెలియదు.

"తెలియలేదురా," అన్నాను.

వాడు తలూపాడు. మేడమీదికెళ్లి తన యంత్రం పట్టుకొచ్చాడు. ఫోరం మొదలుపెట్టినప్పటినుంచి వాడి దగ్గరున్నది, అదే పాత రకం. దాని బోర్డు ఊడదీసి డ్రైవరుగారి యంత్రంలో బిగించాడు. ఆరింటికల్లా అది టకటకమని కదిలింది. ఒక ఎర్ర వరస, మళ్లీ ఒక ఎర్ర వరస. డ్రైవరుగారు వెళ్తూ వెళ్తూ అందరికీ రెండేసిసార్లు దణ్ణం పెట్టారు.

మర్నాడు పొద్దున మా ఆవిడ గబగబా వచ్చి నా చెవిలో వేసింది. "పెట్టె తాళం తీశాడు! బట్టలు మళ్లీ అలమరలో పెట్టుకుంటున్నాడు. వెళ్లట్లేదు!"

ఒక్క పూట, నేను గెలిచాననుకున్నాను.

*

సోమవారం కోడలు ఫోరం తెరిచి చూపించింది. పదకొండేళ్ల కిందటి మొట్టమొదటి జవాబు చివర కొత్తగా ఒక మాట చేరింది: నిజం. రెండోదాని చివర: నిజం. మూడోదాని చివర: వెటకారం. సూదిమందు తన జవాబులన్నిటికీ వరసగా గుర్తులు పెట్టుకొస్తున్నాడు.

"ఎందుకట?" అన్నాను.

"ఇంకెవరూ పొరబడకుండా," అంది కోడలు. నా మొహం చూడకుండా అంది.

మధ్యాహ్నం భోజనాలకి కూర్చున్నాం. బల్ల ఖాళీ అయింది, కంచాలు మళ్లీ బల్లమీదికి వచ్చాయి. "కూరెలా ఉంది?" అంది మా ఆవిడ.

"అమోఘం వదినా. వెటకారం."

మా ఆవిడ నవ్వుతూ గరిటె ఎత్తింది. కోడలూ నవ్వింది. నేనూ నవ్వబోయాను.

"ఉప్పు అందించరా," అన్నాను.

అందించాడు. "ఇదిగో అన్నయ్యా. నిజం."

నవ్వు అక్కడ ఆగిపోయింది. ఆ తర్వాత వాడు నాతో గుర్తు పెట్టకుండా ఒక్క మాట ఆడలేదు. "వాన వచ్చేలా ఉంది. నిజం." "కొట్టు తాళాలు గూట్లో ఉన్నాయి. నిజం." "నీ చొక్కా బాగుంది. వెటకారం." కోడలితో మాత్రం మామూలుగానే మాట్లాడేవాడు. వికీలో ప్రతి పేజీ వెనకా చర్చ కోసం వేరే పేజీ ఉంటుందని ఆమె చూపించిందట. వాడు అక్కడ చేరి, ఆమె రాసిన ప్రతి వాక్యం మీదా తగవు పెట్టుకుంటున్నాడు. మేడమీంచి ఇద్దరి అరుపులూ వినిపించేవి, మధ్యలో నవ్వులూ. వాళ్ల తగవు తీరిపోయింది. నాది మొదలైంది.

ఫోరంలోనూ నష్టం మొదలైంది. తొమ్మిదేళ్ల కిందట ఒక నర్సమ్మ రాసిన తొలి ప్రోగ్రాం చూసి సూదిమందు, "కళ్లు చల్లబడ్డాయి తల్లీ, ఇంతకన్నా బాగా ఎవరూ రాయలేరు" అన్నాడు. ఆ మాటని ఆవిడ ఇన్నాళ్లూ దాచుకుంది. దానికింద 'వెటకారం' అని పడింది. మర్నాడు ఆవిడ పేరు సభ్యుల్లో లేదు. ఇంకొకతను, "అయితే నన్ను తిట్టింది నిజమేనన్నమాట" అని ఒక్క వరస రాసి మానేశాడు.

"చాలురా, ఆపు," అన్నాను మెట్ల దగ్గర నిలబెట్టి. "వాళ్లు బాగానే ఉన్నారు కదరా ఇన్నాళ్లూ. ఎవరికి ఎలా అర్థమైతే అలా ఉండనియ్యి."

"అలా ఉండనిచ్చినందుకే బోర్డు కాలింది అన్నయ్యా," అన్నాడు. రెండు మెట్లెక్కి వెనక్కి తిరిగాడు. "నిజం."

కొట్లో అడాప్టర్లన్నిటి తీగలూ కత్తిరించి పారేశాను. వాడు చూస్తాడని కొట్టు గుమ్మం ముందే కూర్చుని కత్తిరించాను. వాడు ఆ దారినే వెళ్లాడు. చూశాడు. ఏమీ అనలేదు కాబట్టి గుర్తూ పెట్టలేదు.

రోజూ నాలుగింటికి టీ పట్టుకుని మేడమీదికి వెళ్లడం మొదలుపెట్టాను, రెండు కప్పులతో. రోజూ రెండు కప్పులూ కిందికి వచ్చేవి. "వద్దన్నయ్యా. నిజం." పది నిమిషాల తర్వాత మా ఆవిడ తీసుకెళ్తే తాగేవాడు.

*

ఇరవయ్యో రోజు. కిటికీలోంచి ఎండ వాడి బల్లమీద పడుతోంది. మూల వాడి యంత్రం, బోర్డు ఉండాల్సిన చోట నాలుగు స్క్రూల బెజ్జాలతో. నేను కప్పులు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను.

"ఎక్కడిదాకా వచ్చింది?"

"అయిపోయింది. నాలుగువేల నూటపదిహేడు. నిజం."

"పద్ధెనిమిది కదరా ఉన్నవి?"

వాడు తెరమీద ఆ మిగిలినదాన్ని చూపించాడు. పెట్టు నాయనా, నిక్షేపంగా పెట్టు. దాని చివర ఏమీ లేదు.

"దీనికి పెట్టలేదేం?"

"దీనికి అక్కర్లేదు. చూడగానే ఎవరికైనా తెలుస్తుంది." కొంచెం ఆగాడు. "నిజం."

వీధిలో ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ వెళ్లారు. చేతుల్లో కప్పులు కాలుతున్నాయి. చెప్పాలనుకున్నవి చాలా ఉన్నాయి. ముప్పయ్యేళ్లు మాటలతోనే బతికినవాణ్ని. ఒక్కటీ పైకి రాలేదు.

"అడాప్టర్ల సంగతి," అన్నాను చివరికి. "రాసేటప్పుడు అవి గుర్తున్నాయో లేదో నాకు నిజంగానే తెలియదురా."

వాడు తెరవైపే చూస్తున్నాడు. "నీమీద నాకు కోపమేం లేదన్నయ్యా," అన్నాడు.

నేను ఎదురుచూశాను. వాడు చెయ్యి చాచి నా కుడిచేతిలోని కప్పు తీసుకున్నాడు. బల్లమీద పెట్టుకున్నాడు. తాగలేదు. ఫోరంలో ఎవరో కొత్తగా ఏదో అడిగినట్టున్నారు, దానికి జవాబు కొట్టడం మొదలుపెట్టాడు. గది నిండా ఆ టకటకలే. ఇంకొక మాట వస్తుందని, ఆ ఒక్క మాట వస్తుందని, టీ చల్లారేదాకా నిలబడ్డాను.

రాలేదు.

కింద మెట్ల దగ్గర మా ఆవిడ కొంగుతో చేతులు తుడుచుకుంటూ నిలబడి ఉంది. వెనకాల కోడలు.

"ఏమన్నాడు?"

"కోపం లేదన్నాడు."

"నిజమా, వెటకారమా?"

నేను వాడి గొంతు మళ్లీ గుర్తు తెచ్చుకున్నాను. ఒకసారి ఇటు వినిపించింది, ఒకసారి అటు. ఏ కొట్టులో ఏ బేరగాడి గొంతునైనా పోల్చగలనని చెప్పుకు తిరిగిన చెవులు ఇవి.

కోడలు నా చేతివైపు చూసింది. పైకి వెళ్లేటప్పుడు నా చేతుల్లో రెండు కప్పులున్నాయి. దిగేటప్పటికి ఒకటే ఉంది. ఈ మొత్తం వ్యవహారంలో నాకు మిగిలింది ఆ తగ్గిన ఒక్క కప్పే.